తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఎన్‌క్రిప్షన్ గొడవ అసలు దేని గురించి

నా స్నేహితుడొకడు ఈమధ్య ఫోన్ మార్చాడు. పాతది నీళ్లలో పడి పాడైంది గానీ చాట్‌లన్నీ బ్యాకప్‌లో ఉన్నాయని ధీమాగానే ఉన్నాడు. కొత్త ఫోన్‌లో యాప్ వేసుకుంటే పాస్‌వర్డ్ అడిగింది. ఎప్పుడో రెండేళ్ల కిందట పెట్టినది, గుర్తు లేదు. తోచినవన్నీ కొట్టి చూశాడు, కుదరలేదు. కంపెనీకి రాస్తే, మీ బ్యాకప్ తెరిచే తాళంచెవి మా దగ్గర లేదు, మేమేమీ చేయలేం అని జవాబొచ్చింది. చనిపోయిన తండ్రి పంపిన వాయిస్ మెసేజ్‌లు అందులోనే ఉన్నాయి. "యాప్ వాళ్లది, సర్వర్ వాళ్లది. వాళ్లే తెరవలేకపోవడమేంట్రా?" అని నా మీద ఎగిరాడు.

వాడు అడిగినదే ముప్పై ఏళ్లుగా పోలీసులు, ప్రభుత్వాలు, కోర్టులు కూడా అడుగుతున్నాయి. వాడికి బాధ కలిగించిన ఆ మొండితనమే, ఫోన్ దొంగ చేతికి చిక్కితే వాడిని కాపాడేది కూడా. ఆ తాళానికి ఎదుట ఉన్నది కొడుకా, దొంగా, ఇన్‌స్పెక్టరా అన్నది తెలియదు. ఈ వివాదంలో చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ఒకే మాట, మూడు అర్థాలు

చదవగలిగే సమాచారాన్ని, తాళంచెవి ఉన్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ అర్థం కాని గందరగోళంగా మార్చేయడమే ఎన్‌క్రిప్షన్. ఇక్కడ తాళంచెవి అంటే ఒక పెద్ద సంఖ్య, అంతే. తాళం తయారుచేసే పద్ధతి రహస్యం కాదు. దాన్ని పుస్తకాల్లో అచ్చేస్తారు, తప్పులు పట్టమని ప్రపంచాన్నే అడుగుతారు. చెవి ఒక్కటి రహస్యంగా ఉంటే చాలు, మిగతాదంతా శత్రువుకి తెలిసినా తాళం నిలవాలన్న ఈ సూత్రాన్ని ఆగస్ట్ కెర్కాఫ్స్ అనే డచ్ భాషావేత్త 1883లోనే రాశాడు.

వార్తల్లో "ఎన్‌క్రిప్షన్ ఉంది" అన్న ఒక్క మాట వెనక మూడు వేర్వేరు ఏర్పాట్లు దాగి ఉంటాయి. మొదటిది దారిలో తాళం. బ్యాంకు సైట్ తెరిచినప్పుడు మీ ఫోన్‌కీ బ్యాంకు సర్వర్‌కీ మధ్య వెళ్లేదాన్ని దారిలో ఎవరూ చదవలేరు, బ్యాంకు మాత్రం చదువుతుంది. రెండోది నిల్వలో తాళం. ఫోన్ లాక్ వేస్తే లోపలి ఫొటోలు గందరగోళంగా మారి ఉంటాయి, మీ పిన్ కొడితేనే తెరుచుకుంటాయి. మూడోది ఎండ్-టు-ఎండ్. పంపినవాళ్ల ఫోన్‌లో తాళం పడుతుంది, అందుకున్నవాళ్ల ఫోన్‌లోనే తీస్తారు. మధ్యలో కంపెనీ సర్వర్ పోస్ట్‌మ్యాన్ లాంటిది, కవరు మోస్తుంది గానీ చింపి చూడలేదు.

తేడా తెలియాలంటే మామూలు ఈమెయిల్‌నే చూడండి. దారిలో తాళం ఉంటుంది, కానీ కంపెనీ సర్వర్‌కి చేరగానే అది తీసేస్తారు. అందుకే మెయిల్‌బాక్స్‌లో వెతకడం, స్పామ్ ఏరడం వీలవుతుంది. కోర్టు ఆర్డర్ వస్తే ఆ మెయిళ్లు ఇవ్వడమూ వీలవుతుంది. వాట్సాప్ 2016 ఏప్రిల్ నుంచి, ఫేస్‌బుక్ మెసెంజర్ వ్యక్తిగత చాట్‌లు 2023 డిసెంబర్ నుంచి మూడో రకంలోకి వచ్చాయి. సిగ్నల్ అనే యాప్ మొదటి నుంచీ అంతే. టెలిగ్రామ్ మామూలు చాట్‌లు మాత్రం ఎండ్-టు-ఎండ్ కావు, సీక్రెట్ చాట్ విడిగా తెరిస్తేనే ఆ రక్షణ. ఈ సంగతి తెలియక దాన్నే అన్నిటికన్నా భద్రమైనదని చెప్పేవాళ్లు చాలామందే కనిపిస్తారు.

గొడవంతా ఈ మూడో రకం మీద, కొంతవరకు రెండో రకం మీద. మొదటిదాన్ని తీసేయమని దాదాపు ఏ ప్రభుత్వమూ అడగదు. అది లేకపోతే ఆన్‌లైన్ చెల్లింపులే ఆగిపోతాయి.

అందరూ వింటుండగానే రహస్యం ఎలా కుదురుతుంది?

ఇద్దరు ఎప్పుడూ కలవలేదు. మాట్లాడుకునే దారిలో ఎవరో వింటూనే ఉన్నారు. అయినా ఇద్దరికి మాత్రమే తెలిసిన సంఖ్యను కుదుర్చుకోవాలి. వినడానికి అసాధ్యంగా ఉంటుంది. చిన్న అంకెలతో చేసి చూద్దాం, కాగితం చాలు.

సుజాత, రమణ బహిరంగంగా రెండు సంఖ్యలు అనుకున్నారు: 3, 17. ఇవి అందరికీ తెలుసు. సుజాత మనసులో 6 అనుకుంది, ఎవరికీ చెప్పదు. 3ని ఆరుసార్లు వేసి గుణిస్తే 729. దాన్ని 17తో భాగిస్తే శేషం 15. ఆ 15ని రమణకి పంపింది. రమణ మనసులో 7 అనుకున్నాడు. 3ని ఏడుసార్లు గుణిస్తే 2,187, శేషం 11. ఆ 11ని సుజాతకి పంపాడు.

ఇప్పుడు సుజాత తనకొచ్చిన 11ని ఆరుసార్లు గుణించింది: 17,71,561. 17తో భాగిస్తే శేషం 8. రమణ తనకొచ్చిన 15ని ఏడుసార్లు గుణించాడు: 17,08,59,375. శేషం 8. ఇద్దరి దగ్గరా ఒకే సంఖ్య. ఆ 8 దారిలో ఎక్కడా ప్రయాణించలేదు. పొంచి విన్నవాడికి దొరికినవి 3, 17, 15, 11 మాత్రమే. ఇక్కడ అంకెలు చిన్నవి కాబట్టి నాలుగు లెక్కలు వేస్తే వాడికి చిక్కిపోతుంది. వందల అంకెల సంఖ్యలు వాడితే వెనక్కి లెక్కగట్టడం ఇప్పుడున్న కంప్యూటర్ల వల్ల కాదు.

ఈ పద్ధతిని విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ 1976లో ప్రచురించారు. విచిత్రమేంటంటే బ్రిటిష్ నిఘా సంస్థ జీసీహెచ్‌క్యూలో పనిచేసే గణితజ్ఞులు అంతకుముందే ఇలాంటిది కనిపెట్టి రహస్యంగా దాచేశారు. ఆ సంగతి 1997 దాకా బయటకు రాలేదు.

దీనికో బలహీనత ఉంది. మధ్యలోవాడు ఊరికే వినకుండా, సుజాతతో తానే రమణనని, రమణతో తానే సుజాతనని నటిస్తే? ఇద్దరితో చెరో తాళం కుదుర్చుకుని అన్నీ చదివి ముందుకు పంపొచ్చు. ఎన్‌క్రిప్షన్ ఉంటుంది, రహస్యం ఉండదు. వాట్సాప్, సిగ్నల్‌లో ఎదుటివాళ్ల పేరు మీద నొక్కి లోపలికి వెళ్తే 60 అంకెల వరుస కనిపిస్తుంది చూడండి, అది ఇందుకే. ఇద్దరి ఫోన్లలో ఆ అంకెలు ఒకటే అయితే మధ్యలో ఎవరూ లేరు. దాన్ని ఎప్పుడైనా పోల్చి చూసినవాళ్లు నాకు తెలిసినంతలో ఒకరిద్దరే, అందులో నేను ఒకడిని కాదు.

తాళం పగలగొట్టడం కుదరదా?

తాళంచెవి పొడవుని బిట్లలో చెబుతారు. ఒక్క బిట్ పెరిగితే ప్రయత్నించి చూడాల్సిన చెవులు రెట్టింపు. 1977లో అమెరికా ప్రమాణంగా వచ్చిన డీఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో చెవి 56 బిట్లు. 1998లో డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ రెండున్నర లక్షల డాలర్ల లోపు ఖర్చుతో ఒక యంత్రం కట్టి, 56 గంటల్లో దాన్ని ఛేదించి చూపించింది. ఇప్పుడు వాడే ఏఈఎస్ పద్ధతిలో చిన్న చెవే 128 బిట్లు. అప్పటి యంత్రం వేగంతోనే నడిచేవి వంద కోట్ల యంత్రాలు ఒకేసారి పెట్టామనుకున్నా, అదే లెక్కన దాదాపు 3,000 కోట్ల ఏళ్లు పడుతుంది. విశ్వం వయసే 1,380 కోట్ల ఏళ్లు.

కాబట్టి "ఎన్‌క్రిప్షన్ బద్దలు కొట్టారు" అని వార్త వస్తే, చాలావరకు ఎవరూ తాళం జోలికి పోలేదనే అర్థం. తాళం పక్కనుంచి వెళ్లి ఉంటారు. ఫోన్‌లోకి నిఘా సాఫ్ట్‌వేర్ దూర్చి తెర మీద కనిపించేది చదివి ఉంటారు. లేదా రక్షణ లేని బ్యాకప్ నుంచి తీసి ఉంటారు. అదీ కాకపోతే గ్రూప్‌లో ఉన్నవాళ్లలో ఒకరు స్క్రీన్‌షాట్ ఇచ్చి ఉంటారు.

కవరు మీద రాతలు

ఉత్తరం లోపల ఏముందో తెలియకపోయినా ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎన్నిసార్లు పంపారన్నది కవరు చెబుతుంది. దీన్నే మెటాడేటా అంటారు. ఒక మనిషి సోమవారం పొద్దున ల్యాబ్‌కి ఫోన్ చేశాడు. గురువారం అదే ల్యాబ్ నుంచి అతనికి ఫోన్ వచ్చింది. పావుగంట తర్వాత క్యాన్సర్ డాక్టర్‌కి, ఆ వెంటనే అన్నయ్యకి గంటన్నర, మర్నాడు ఇన్సూరెన్స్ కంపెనీకి. ఒక్క మాట కూడా వినక్కర్లేదు, కథ అర్థమైపోయింది. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏకి ఒకప్పటి అధిపతి మైకేల్ హేడెన్ 2014లో, మెటాడేటా ఆధారంగా మేం మనుషుల్ని చంపుతామని బాహాటంగానే అన్నాడు.

ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ దీన్ని దాచదు. సిగ్నల్ లాంటివి తక్కువ నిల్వ చేస్తాయి, మిగతావి ఎక్కువ. దర్యాప్తు సంస్థలు అంధకారంలో పడ్డాయన్న వాదనకు ఎదురుగా నిపుణులు చూపించే మొదటి లెక్క ఇదే. గతంలో ఏ పోలీసు చేతిలోనూ ఇన్ని లొకేషన్ వివరాలు, ఇన్ని కాల్ రికార్డులు లేవు.

పోలీసుల మాటలో ఉన్న బలం

అలాగని వాళ్ల ఇబ్బందిని కొట్టిపారేయలేం. పిల్లల మీద లైంగిక దాడుల చిత్రాల విషయమే చూడండి. అమెరికాలో ఇలాంటి ఫిర్యాదులు స్వీకరించే ఎన్‌సీఎంఈసీకి 2023లో 3.6 కోట్లకు పైగా నివేదికలు అందాయి. దాదాపు అన్నీ కంపెనీలు తమ సర్వర్లలో చూసి పంపినవే. సర్వర్ చదవలేకపోతే వాటిలో పెద్ద భాగం ఆగిపోతుంది. అందులో ప్రతి చిత్రం వెనకా ఒక పసిబిడ్డ ఉంటుంది. మెటాడేటా ఉందిగా అంటే ఇక్కడ సరిపోదు.

ఫోన్ తాళం సంగతీ అంతే. 2015 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో 14 మందిని కాల్చి చంపిన ఘటన తర్వాత దాడి చేసినవాడి ఐఫోన్ దొరికింది. తెరవడానికి వీలుగా ప్రత్యేక సాఫ్ట్‌వేర్ రాసివ్వాలని 2016 ఫిబ్రవరిలో కోర్టు ఆపిల్‌ని ఆదేశించింది. కంపెనీ ఒప్పుకోలేదు. ఒకసారి రాస్తే అది ఆ ఒక్క ఫోన్‌తో ఆగదన్నది వాళ్ల వాదన. దాదాపు ఆరు వారాలకే, వేరే ఎవరో తెరిచిపెట్టారని దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కేసు వెనక్కి తీసుకుంది. అసలు ప్రశ్నకి తీర్పు రానే లేదు.

కోర్టు వారెంట్‌తో ఇల్లు సోదా చేయొచ్చు, బ్యాంకు లాకర్ తెరిపించవచ్చు. మరి ఒక్క ఫోన్ మాత్రం చట్టానికి అందనంత ఎత్తులో ఎందుకుండాలి? ఇది న్యాయమైన ప్రశ్నే. లాకర్‌కీ ఫోన్‌కీ ఒక తేడా ఉంది. లాకర్ పగలగొడితే ఆ ఒక్కటే పగులుతుంది. పక్కనున్న లాకర్లకు ఏమీ కాదు.

దొడ్డిదారి పెట్టి చూసినప్పుడు ఏం జరిగింది

"మంచివాళ్లకు మాత్రమే తెరుచుకునే దారి" కొత్త ఆలోచన కాదు. 1993లో అమెరికా ప్రభుత్వం క్లిప్పర్ చిప్ తెచ్చింది. ఫోన్‌లో ఆ చిప్ ఉంటే సంభాషణ భద్రం, కానీ చెవికి నకలు ప్రభుత్వ సంస్థల దగ్గర ఉంటుంది. మరుసటి ఏడాదే మ్యాట్ బ్లేజ్ అనే పరిశోధకుడు అందులో లోపం చూపించాడు. ఎన్‌క్రిప్షన్ పనిచేస్తూనే ఉంటుంది, ప్రభుత్వ నకలు మాత్రం పనికిరాకుండా చేయొచ్చు. కొన్నాళ్లకి ఆ ప్రయత్నమే మూలపడింది.

అదే రోజుల్లో బలమైన ఎన్‌క్రిప్షన్‌ని అమెరికా ఆయుధాలతో సమానంగా చూసేది. విదేశాలకు అమ్మే సాఫ్ట్‌వేర్‌లో కావాలని బలహీనపరిచిన తాళాలు పెట్టాలి. ఆ ఆంక్షలు 2000 నాటికి చాలావరకు సడలిపోయాయి. కానీ ఆ బలహీన తాళాల కోడ్ సర్వర్లలో, బ్రౌజర్లలో అలాగే ఉండిపోయింది. 2015లో ఫ్రీక్ అనే లోపం బయటపడింది: బ్రౌజర్‌ని మోసం చేసి ఆ పాత బలహీన తాళమే వాడేలా చేయొచ్చని తేలింది. రూలు పోయిన పదిహేనేళ్లకు దాని దెబ్బ తగిలింది.

ఇంకా దగ్గరగా చూడాలంటే గ్రీస్ ఉదంతం. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో పోలీసులు చట్టబద్ధంగా వినేందుకు ఒక ఏర్పాటు ఉంటుంది. 2004, 2005లో ఎవరో వోడాఫోన్ గ్రీస్ ఎక్స్‌ఛేంజీల్లోకి దూరి ఆ ఏర్పాటునే వాడుకున్నారు. వందకు పైగా ఫోన్లు విన్నారు. వాటిలో దేశ ప్రధానిది కూడా ఉంది.

ఇరవై ఏళ్ల తర్వాత అదే కథ పెద్ద ఎత్తున నడిచింది. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం టెలిఫోన్ కంపెనీలు వినే సౌకర్యం పెట్టి ఉంచాలి. చైనా ప్రభుత్వంతో సంబంధం ఉందని అమెరికా చెప్పే సాల్ట్ టైఫూన్ ముఠా పలు పెద్ద కంపెనీల్లోకి చొరబడి, కోర్టు ఆర్డర్లతో వినే వ్యవస్థల దాకా చేరిందని 2024లో బయటపడింది. ఆ డిసెంబర్‌లో అమెరికా అధికారులు, ఎఫ్‌బీఐతో సహా, ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లు వాడండని జనానికి సలహా ఇచ్చారు. ఏళ్ల తరబడి ఆ తాళాల మీదే ఫిర్యాదు చేసిన సంస్థ నోట ఆ మాట వినడం వింతగానే ఉంది.

దొడ్డిదారి అనకుండా దొడ్డిదారి

ఈ అనుభవాల తర్వాత నేరుగా "నకలు చెవి ఇవ్వండి" అనేవాళ్లు తగ్గారు. ప్రతిపాదనలు రూపం మార్చుకున్నాయి. 2018లో జీసీహెచ్‌క్యూ నిపుణులిద్దరు, చాట్‌లోకి అధికారిని మూడో మనిషిలా గుట్టుగా చేర్చవచ్చని సూచించారు. తాళం అలాగే ఉంటుంది, చెవి ఇంకొకరికి కూడా వెళ్తుంది. అంటే పైన చెప్పిన 60 అంకెల లాంటి తనిఖీ అబద్ధం చెప్పాలి, లేదా ఏమీ చెప్పకుండా ఊరుకోవాలి.

రెండో దారి ఫోన్‌లోనే తనిఖీ. తాళం పడకముందే ఫొటోని తెలిసిన నేరచిత్రాల పట్టికతో పోల్చి చూడటం. ఆపిల్ 2021 ఆగస్టులో ఇలాంటిది ప్రకటించి, విమర్శలు రావడంతో 2022 డిసెంబర్‌లో విరమించుకుంది. యూరోపియన్ కమిషన్ 2022లో తెచ్చిన ముసాయిదా మీద కూడా ఇదే రభస. అనుకూలురు చెప్పేది: తాళాన్ని ముట్టుకోవడం లేదు, పట్టికలో ఉన్న చిత్రాలే పట్టుబడతాయి. వ్యతిరేకులు చెప్పేది: ఇవాళ పట్టికలో పిల్లల చిత్రాలు, రేపు ప్రభుత్వానికి నచ్చని కార్టూన్ ఉండదని హామీ ఏది? పట్టికలో ఏముందో ఫోన్ యజమానికి తెలిసే వీలు లేదు. నాకు ఈ రెండో వాదనే బరువుగా అనిపిస్తుంది. అయితే పిల్లల సంగతేంటని అడిగితే వాళ్ల దగ్గరా పూర్తి జవాబు లేదు.

మూడోది భారత్ ఎంచుకున్న దారి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం 50 లక్షలకు మించి వినియోగదారులున్న మెసేజింగ్ కంపెనీలు, తీవ్రమైన కొన్ని నేరాల్లో కోర్టు గానీ అధీకృత అధికారి గానీ ఆదేశిస్తే, ఒక మెసేజ్‌ని మొదట పంపిందెవరో చెప్పగలగాలి. మెసేజ్‌లో ఏముందో చెప్పక్కర్లేదని, వేరే దారి ఉంటే ఈ ఆదేశం ఇవ్వకూడదని అందులోనే ఉంది. పుకార్లు జనాన్ని చంపుతున్నప్పుడు పుట్టించినవాడిని పట్టుకోవద్దా అన్నది ప్రభుత్వ వాదన.

చిక్కు ఎక్కడంటే, ఏ మెసేజ్ గురించి రేపు అడుగుతారో ముందే తెలియదు. కాబట్టి అందరి మెసేజ్‌లకూ ఏదో ఒక గుర్తు వేసి ఉంచాలి. పైగా సుజాత వేరే యాప్‌లో చూసిన పుకారుని కాపీ చేసి, నిజమా అని అడుగుతూ ఇక్కడ పెట్టిందనుకోండి. ఈ యాప్ లెక్కలో మొదట పంపింది ఆవిడే. పుట్టించినవాడు ఇంకో దేశంలో ఉంటే, దేశం లోపల మొదట పంపినవాళ్లనే మూలంగా భావించాలని నిబంధన చెబుతుంది. దీన్ని సవాలు చేస్తూ వాట్సాప్ 2021 మేలో ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో ఇచ్చిన తీర్పు ఆ పిటిషన్‌కి ఆధారం. ఎన్‌క్రిప్షన్ తీసేయమంటే దేశం నుంచి వెళ్లిపోతామని 2024లో వాళ్ల లాయర్ కోర్టులోనే చెప్పారు.

బ్రిటన్‌లో మాటలు చేతల దాకా వెళ్లాయి. క్లౌడ్ బ్యాకప్‌లు తెరిచే వీలు కల్పించమని ప్రభుత్వం ఆపిల్‌కి రహస్య నోటీసు ఇచ్చిందని 2025లో వార్తలొచ్చాయి. ఆ ఫిబ్రవరిలో ఆపిల్, బ్యాకప్‌లకు ఎండ్-టు-ఎండ్ తాళం వేసే అదనపు రక్షణ సదుపాయాన్నే అక్కడివాళ్లకు తీసేసింది.

చెవి లేకుండానే పట్టుకోవడం

2021 జూన్‌లో ఒకేసారి పలు దేశాల్లో 800 మందికి పైగా నేరగాళ్లు అరెస్టయ్యారు. వాళ్లంతా అనోమ్ అనే "సురక్షిత" ఫోన్లు వాడారు. ఆ ఫోన్లను నడిపింది ఎఫ్‌బీఐ. అంతకు ఏడాది ముందు ఇలాంటి ఫోన్లదే ఎన్‌క్రోచాట్ అనే నెట్‌వర్క్‌లోకి ఫ్రెంచ్, డచ్ పోలీసులు దూరారు. తాళాలన్నిటినీ బలహీనపరచకుండా, అనుమానితుల పరికరాల్లోకే వెళ్లే పద్ధతి ఇది. చాలామంది గోప్యతావాదులు కూడా దీన్నే తక్కువ చెడుగా చూస్తారు.

తక్కువే గానీ లేకుండా పోదు. పరికరంలోకి దూరాలంటే కంపెనీకి తెలియని లోపం ఒకటి ప్రభుత్వం దగ్గర దాచి ఉంచుకోవాలి. ఎన్‌ఎస్‌ఏ అలా దాచుకున్న విండోస్ లోపం తాలూకు ఆయుధం 2017 ఏప్రిల్‌లో లీకైంది. నెల తిరిగేసరికి వన్నాక్రై వైరస్ దాన్ని వాడుకుని ఎన్నో దేశాల్లో కంప్యూటర్లకు తాళాలేసింది, బ్రిటన్ ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. పెగసస్ లాంటి నిఘా సాఫ్ట్‌వేర్ పాత్రికేయుల ఫోన్లలో తేలిన సంగతి తెలిసిందే. ఇక్కడ గణితం అడ్డురాదు, అడ్డుకోవాల్సింది కోర్టుల పర్యవేక్షణ. అది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంది.

ఇక తాళాలే ముసలివైపోయే రోజు గురించి కూడా పని జరుగుతోంది. ఇప్పటివాటికి పూర్తిగా భిన్నమైన పద్ధతిలో లెక్కలు వేసే పెద్ద క్వాంటం కంప్యూటర్ వస్తే సుజాత, రమణ వేసిన లాంటి లెక్కను వెనక్కి చేయగలదు. అది ఇంకా రాలేదు, కానీ ఇవాళ్టి గందరగోళాన్ని దాచిపెట్టుకుని అప్పుడు తెరవొచ్చు. అందుకే సిగ్నల్ 2023లో, ఆపిల్ మెసేజింగ్ యాప్ ఐమెసేజ్ 2024లో క్వాంటం కంప్యూటర్‌కీ లొంగవని భావించే కొత్త రకం లెక్కలు కలిపాయి. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2024 ఆగస్టులో ఇలాంటి లెక్కలకు మొదటి మూడు ప్రమాణాలు ఖరారు చేసింది. ఆ కొత్త తాళాల్లోనూ చెవి ఉండేది వాడేవాళ్ల ఫోన్‌లోనే, కాబట్టి కంపెనీలకూ ప్రభుత్వాలకూ మధ్య ఉన్న పేచీ ఎక్కడిదక్కడే ఉంది.